సోమవారం నాటి చెయ్యి

నేను అనకాపల్లిలో ఒక డాక్టరుగారి బల్లమీద ఉండే పాదరసం బీపీ మిషన్ని. మా మూలపురుషుణ్ణి 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి తయారుచేశాడు. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ స్టెతస్కోపుతో చప్పుళ్లు వినడం నేర్పాక కింది అంకె కూడా చెప్పగలిగాం.

విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువు ముగించి ప్రాక్టీసు పెట్టిన కొత్తలో డాక్టరుగారు నన్ను కొన్నారు. బెల్లం మార్కెట్ కలాసీలు, చోడవరం, మాడుగుల రైతులు ఎందరో నా పట్టీ కట్టించుకుని "ఎంతుంది డాక్టరుబాబూ?" అని ఆత్రంగా అడిగేవారు.

అప్పట్లో నూరుకి వయసు కలిపితే వచ్చేదే సరైన బీపీ అనే లెక్క ఉండేది. డెబ్బై ఏళ్ల అవ్వకు 170 ఉన్నా మామూలే అనేవారు. మరీ పెరిగితే నిఫెడిపిన్ క్యాప్సూల్ కొరికించి నాలుక కింద ఉంచేవారు. పాదరసం చకచకా దిగేది. అందరికీ ధైర్యం వచ్చేది.

ఆదివారాలు డాక్టరుగారు విశాఖలో సీఎంఈ (నిరంతర వైద్య విద్య) సభలకు వెళ్లేవారు. అక్కడ ఏం విన్నారో సోమవారం ఆయన చెయ్యే నాకు చెప్పేది. బీపీ ఒక్కసారిగా పడిపోతే పక్షవాతమో గుండెపోటో రావచ్చని 1990లలో తేలాక ఆ క్యాప్సూల్ మానేశారు. అరవై దాటినవారికి పై అంకె ఒక్కటే పెరిగినా మందులిస్తే పక్షవాతం తగ్గుతుందని 1991లో షెప్ అధ్యయనం తేల్చింది. ఎనభై దాటినవారికీ మేలేనని 2008లో హైవెట్ అధ్యయనం చూపింది. ఇక ఆ పాత లెక్క ఆయన నోట రాలేదు. కొలిచే తీరూ మారింది: ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం, పాదాలు నేలకు ఆనించడం, చెయ్యి గుండె ఎత్తున ఉంచడం, లావు చేతికి పెద్ద పట్టీ కట్టడం.

డాక్టర్లు ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి సభల్లో పాల్గొనాలని వైద్యమండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఏడాదికి ఆరు గంటలు. సంతకం పెట్టి భోజనం చేసి వచ్చినా ఆ గంటలు నిండుతాయి. రోగికి మాత్రం ఏమీ ఒరగదు.

పాదరసం పరికరాలను దశలవారీగా మానాలని 2013 మినమాటా ఒప్పందం చెప్పింది. నా పక్కకి డిజిటల్ మిషన్ వచ్చింది. దాని అంకెను నా అంకెతో పోల్చి చూసుకున్నాకే డాక్టరుగారు దాన్ని నమ్మారు.

డాక్టరుబాబులారా, పట్టా చదువు ఆనాటి వైద్యానికే సరిపోతుంది. ఈనాటి రోగికి ఈనాటి చదువు కావాలి. సభ నుంచి సర్టిఫికెట్‌తోపాటు, మరునాడు మార్చుకోవలసిన పద్ధతి ఒక్కటైనా తెచ్చుకోండి.