కుందేళ్ళకు రాజకీయాలుండవు

అమెరికా పత్రికా సంపాదకుల్లో చాలామందికి ఒక పవిత్ర విశ్వాసం ఉంది. కామిక్స్ పేజీ పిల్లలది, అందులోకి రాజకీయాలు రాకూడదు. మొదటి పేజీలో యుద్ధం, మూడో పేజీలో హత్య, ఐదో పేజీలో విడాకులు ఎన్నయినా ఉండొచ్చు. వెనక పేజీలో ఓ జంతువు ప్రభుత్వాన్ని ఒక మాటంటే మాత్రం పసిమనసులు పాడైపోతాయి. ఆ పసివాళ్ళలో సగం మందికి బట్టతల వచ్చిన సంగతి ఎవరూ గమనించినట్టు లేదు.

పోనీ, నియమం అందరికీ ఒకటేనా? ‘లిటిల్ ఆర్ఫన్ ఆనీ’ గీసిన హెరాల్డ్ గ్రేకి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంటే ఒళ్ళుమంట. ఆయన ఏలుబడిలో బతకలేడన్నట్టు తన కామిక్‌లోని కోటీశ్వరుడు డాడీ వార్‌బక్స్‌ని 1944లో చంపేశాడు. మరుసటేడు రూజ్‌వెల్ట్ పోయాడు, వార్‌బక్స్ లేచి కూర్చున్నాడు! గునిసిన పత్రికలు లేకపోలేదు గానీ, ఆనీ మాత్రం దేశమంతా దర్జాగానే తిరిగింది.

వాల్ట్ కెల్లీ కథ వేరు. 1953లో ఆయన తన ‘పోగో’ కామిక్ స్ట్రిప్పులోని చిత్తడి అడవిలోకి ఓ అడవిపిల్లిని వదిలాడు. పేరు సింపుల్ జె. మలార్కీ, పోలికలు అచ్చం సెనేటర్ జోసెఫ్ మెకార్తీవి. కనబడినవాడినల్లా కమ్యూనిస్టంటూ ఆయన దేశాన్ని హడలుగొడుతున్న రోజులవి. ప్రావిడెన్స్ పత్రిక ఒకటి బెదిరిపోయి, ఆ మొహం ఇంకోసారి కనబడితే స్ట్రిప్పు ఆపేస్తామంది. కెల్లీ బుద్ధిగా తలూపాడు. కొద్దిరోజులకు ప్రావిడెన్స్ నుంచి ఓ కోడిపెట్ట అడవికి దిగింది. ఆ ఊరివాళ్ళు తన మొహం చూడకూడదంటూ మలార్కీ గబగబా తలకి సంచీ తొడుక్కున్నాడు. షరతు షరతులాగే ఉంది, మొహం ఎక్కడా లేదు. సంచీలో ఎవరున్నారో మాత్రం దేశమంతటికీ తెలుసు.

తర్వాత్తర్వాత పిరికి సంపాదకుల కోసం కెల్లీ విడిగా స్ట్రిప్పులే గీసిచ్చాడు. వాటినిండా బూరుగుదూది లాంటి కుందేళ్ళు, కందిపోని జోకులు. మీ పేపర్లో కుందేళ్ళు కనబడ్డాయంటే మీ బుర్ర మీద మీ ఎడిటరుకి నమ్మకం లేదని అర్థం చేసుకోండని పాఠకులకు ఆయనే చెప్పేశాడు. (పాకెట్ కార్టూనుని మొదటి పేజీలోనే కూర్చోబెట్టి, కాఫీతోపాటు ‘ఇదీ సంగతి’ చూసిన మనకి ఈ మడీ ఆచారం ఒక పట్టాన బోధపడదు.)

గ్యారీ ట్రూడో ‘డూన్స్‌బరీ’కి 1975లో సంపాదకీయ కార్టూన్ల విభాగంలోనే పులిట్జర్ ఇచ్చారు. కామిక్ స్ట్రిప్పుకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. బుద్ధొచ్చిందనుకున్నాం. 2012లో, గర్భస్రావానికి ముందు స్కానింగ్ తప్పనిసరి చేసిన టెక్సస్ చట్టం మీద ట్రూడో ఒక వారం స్ట్రిప్పులు గీశాడు. కొన్ని పత్రికలు మానేశాయి, కొన్ని సంపాదకీయం పక్కకి నెట్టాయి. వద్దన్నవాళ్ళకి పంపిణీ సంస్థ పాత స్ట్రిప్పులు సిద్ధంగా ఉంచింది. చట్టసభలో పెద్దలు ఓటేసి నెగ్గించినప్పుడు వార్త, నాలుగు గళ్ళలో బొమ్మగా వస్తే అసభ్యం. పాపం, ఈసారి కుందేళ్ళు గీసిపెట్టడానికి కెల్లీ కూడా లేడు.