మంద చూస్తే మూర్ఛపోతవ్ నాయినా

స్టాన్లీ, ఫాక్‌లాండ్ దీవులు

నాయినా,

ఫోన్ల "ఆడ మనుషులున్నరా బిడ్డా?" అని అడిగితివి. ఉన్నరు. దీవులన్నీ జమకడితే మూడున్నర వేల మంది. గొర్రెలు దగ్గరదగ్గర 5 లక్షలు. అంటే తలకు నూటనలభై జీవాలు! అంత మంద ఉంటే మన దిక్కు పిల్లనిచ్చేటోళ్లు ఇంటి ముందు లైన్ కడ్తరు. ఈడ నన్నెవ్వరూ అడుగుతలేరు. నా వంతు మంద ఎవరి దగ్గరుందో మరి.

ఉన్ని కోసం పెంచుతరు. కాపరంటే నీ లెక్క గొంగడి కప్పుకొని ఎనక తిరిగేటోడు కాదు. ల్యాండ్‌రోవర్ల వస్తడు, కుక్కలను దింపుతడు, అవి మందను మలుపుతయి, ఆయన టీ తాగుతడు. రాత్రి కావలి లేదు, తోడేలు భయం లేదు.

ఒకప్పుడు తోడేలుండె. వర్రా అంటరు. మనుషులు రాకముందు ఈ నేల మీద తిరిగిన నాలుగు కాళ్ల జంతువు అదొక్కటేనట. మనిషిని చూసింది లేక భయమే తెల్వదు. ఒక చేత మాంసం ముక్క చూపిస్తే దగ్గరికొచ్చేది, ఇంకో చేత కత్తి ఉండేది. 1833, 1834ల డార్విన్ వచ్చి, ఇది ఎక్కువ కాలం బతకదని రాసిపెట్టిండు. 1876 కల్లా ఖతం. కొన్నిటిని తోలు కోసం చంపిన్రు, మిగిలినయి గొర్రెల పేరు మీద పోయినయి. నువ్వు తోడేలును ఎన్ని తిట్లు తిట్టినవో నాకెరుకే గాని, ఈ కథ వింటే నువ్వు సుత దాని దిక్కే మాట్లాడుతవ్.

పెంగ్విన్లు అయిదు తీర్లవి. అండ్ల మెజెల్లానిక్ అనేటిది బొరియ తవ్వుకొని, మూతి పైకెత్తి అచ్చం గాడిద లెక్క ఒండ్రుతది. వాటికి 6 మీటర్ల దూరం ఉండాలని రూల్. వాలంటీర్ పాయింట్‌ల ఒక కింగ్ పెంగ్విన్ నా దగ్గరికి నడుచుకుంట వచ్చి, మెడ వంచి, బూటు లేసును ఒక కంట చూసింది, ఇంకో కంట చూసింది, ముక్కుతోని ఒక్క గుంజు గుంజింది. నేను కట్టె లెక్క నిలబడ్డ. రూల్ నాకే గాని, దానికి చదువు రాదాయె.

1982ల, బ్రిటన్ కిందున్న ఈ దీవులు మావేనని అర్జెంటీనా దిగితే 74 దినాలు లొల్లి. బ్రిటన్ గెలిచింది. పాతిన మందుపాతరలు మాత్రం బీచుల్ల మిగిలినయి. మనుషులు పోకుండ కంచె ఏసిన్రు. పెంగ్విన్లకు అవి పేలేంత బరువు లేదు, లోపల ఆరాంగ సంసారం చేసుకున్నయి. 2020 దాక పాతరలన్నీ తీసుడు ఒడువలే. పాపం, వాటి ఫ్రీ కావలి పాయె.

2013ల బ్రిటన్ కిందనే ఉంటరా అని ఓటేయిస్తే, వద్దన్నోళ్లు ముగ్గురే. మన ఊర్లయితే పొద్దుమీకే సరికి ఆ ముగ్గురి ఇంటిపేర్లు బయటపడుతుండె.

ఈడ గొర్రె మాంసానికి పాత పేరు '365'. ఏడాది పొడుగూత అదే తినేటోళ్లట. నువ్వేమో ఆదివారం యాట కూరకే అమ్మతోని కొట్లాడుతవ్. నేను పనిచేసే హోటల్ల దానికింత కారం తగిలిస్తే తినేటోళ్లు నీళ్లడుగుతున్నరు.

డిసెంబర్ల రా, అప్పుడే ఈడ ఎండకాలం. శనివారం చిలీ నుంచి విమానం ఉంటది. దీవి నుంచి దీవికి చిన్న ఎర్ర విమానం, గడ్డి మీదనే దిగుతది. ఎక్కేముందు మనిషి బరువు అడుగుతరు. అమ్మను తోలుకొస్తే నువ్వే చెప్పు. ఆమె చెప్పే లెక్క నమ్మితే విమానం లేవది.

నీ కొడుకు