రాత్రి ట్రిప్పు ఎప్పుడట?

పీజీ చదువుకూ డెమో క్లాసులు వచ్చేశాయి. ఫలానా ఆదివారం మా విశ్వవిద్యాలయానికి రండి, ఎమ్మెస్సీ క్లాసులో కూర్చోండి, పరిశోధన రుచి చూడండి, నచ్చితే అక్కడికక్కడే రిజిస్టరు చేసుకోండి, ఆ రోజు చేరినవారికి దరఖాస్తు రుసుము మాఫీ! దీని పేరు ఓపెన్ డే. మిగతా 364 రోజులూ ఏం మూసి ఉంచుతారని అడిగిన తల్లిదండ్రులు ఇంతవరకూ నాకు తారసపడలేదు.

మేనకోడలికి తోడుగా అలాంటి ఓ ప్రైవేటు విశ్వవిద్యాలయానికి వెళ్లాను. పేరెందుకు లెండి, అన్నిటి బ్రోచరూ ఒకటే. గేటు దగ్గర బంతిపూల తోరణం, మెడలో 'భావి పరిశోధకురాలు' అని ట్యాగు, చేతిలో పెన్ను, పేపరు ప్లేటులో సమోసా. ఏసీ హాల్లో ప్రొజెక్టరు మొదటిసారి నొక్కగానే వెలిగింది. అనుమానం అప్పుడే రావలసింది. మాస్టారు ముప్పావుగంటలో నల్లబిలాలు, కృత్రిమ మేధ, కేన్సరు మూడూ చుట్టి వచ్చారు. ప్రశ్న తానే అడిగారు, జవాబు తానే చెప్పారు, చప్పట్లు మాత్రం మాకు వదిలారు. మేనకోడలి కళ్లు మెరిశాయి. ఆయన పీజీకి పాఠాలే చెప్పరనీ, అడ్మిషన్ల వ్యవహారం చూస్తారనీ భోజనాల దగ్గర తెలిసింది.

ఆ రోజు మనం అతిథులం. చేరాక పాఠం చెప్పేవారు అతిథులు. యూజీసీ 2019లో కట్టిన లెక్క ప్రకారం గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500 రూపాయలు, ఎన్ని క్లాసులు చెప్పినా నెలకు 50,000 దాటకూడదు. వాళ్లలో ప్రాణం పెట్టి చెప్పేవారు ఎందరో ఉన్నారు. ఓపెన్ డే మైకు వాళ్ల చేతికే ఇవ్వొచ్చుగా? ఇవ్వరు. వచ్చే సెమిస్టరుకు మీరు ఉంటారా సార్ అని ఏ పిల్లో అడిగితే జవాబు ఎవరు చెబుతారు?

ఇప్పటి లెక్కలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టరులో 15 గంటల పాఠం. ముప్పావుగంట డెమో అందులో ఇరవయ్యో వంతు. ఆ ఇరవయ్యో వంతు చూసి రెండేళ్ల పీజీకి, ఆపైన యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల దాకా సాగే పీహెచ్‌డీకి తలూపమంటారు. ఫీజు కట్టేదాకా ఓడమల్లయ్య, కట్టాక బోడిమల్లయ్య.

ఈ ఆట మరే ఊళ్లోనైనా చెల్లుతుందేమో గానీ మా బిలాస్‌పూర్‌లో చెల్లకూడదు. ఇది రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర మనుషులు పొట్ట చేతబట్టుకొని వచ్చి ఇక్కడి షెడ్డుల్లో, యార్డుల్లో కుదురుకున్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు ఇదే కేంద్రమైంది. తాత ఇంజన్లో బొగ్గు వేశాడు, తండ్రి ఇంజను నడిపాడు, మనవరాలు కోనీలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు కోసం చూస్తోంది. 1983లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయమైంది గనుక పోటీ కూడా దేశమంతటి పోటీ. సీటు రానివాళ్ల ఇళ్లకే ఈ తోరణాల ఆహ్వానాలు ముందుగా చేరతాయి.

ఓ దారిని ముందుగా చూసుకోవడమంటే ఏమిటో ఇక్కడి రైల్వే కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. ఎంత అనుభవం ఉన్న లోకో పైలట్ అయినా కొత్త సెక్షనులో బండి పట్టాలంటే ముందు ఎల్ఆర్ చేయాలి. అంటే లెర్నింగ్ రోడ్. దారి తెలిసిన పైలట్‌తో ఇంజన్లో వెళ్లి సిగ్నలు ఎక్కడుంది, ఎత్తు ఎక్కడ, దిగుడు ఎక్కడ, ఎక్కడ వేగం తగ్గించాలి అన్నీ కళ్లారా చూసుకోవాలి. మామూలుగా మూడు ట్రిప్పులు, వాటిలో ఒకటి రాత్రిపూట. ఆ తర్వాత ఈ దారి నాకు తెలుసు అని సంతకం పెడితేనే బండి చేతికిస్తారు. కట్నీ లైనులో ఖోంగ్సరా దాటాక భన్‌వార్‌టోంక్ ఘాటు పగలు కిటికీలోంచి చూస్తే ఫొటో తీయాలనిపిస్తుంది. వానాకాలం అర్ధరాత్రి గూడ్సుతో ఆ ఘాటు దిగేవాణ్ణి అడిగితే వేరే సంగతులు చెబుతాడు.

మా వీధిలో రిటైరైన లోకో పైలట్ మావయ్య ఓపెన్ డే కథంతా సావధానంగా విని ఒక్కటే అడిగాడు: "అంతా బాగుంది గానీ బాబూ, రాత్రి ట్రిప్పు ఎప్పుడట?"

అవును, ఎప్పుడు? రాత్రి ట్రిప్పు పెట్టడం కష్టమేమీ కాదు, ఖర్చూ లేదు. వచ్చినవారిని విభాగం ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చోబెట్టండి. గైడ్ సంతకం కావాలి, గైడ్ మీటింగులో ఉన్నారు, మీటింగు అయ్యేసరికి క్లర్కు లంచికి వెళ్లారు, క్లర్కు వచ్చేసరికి సర్వరు డౌను. ఇదొక సెషను. తర్వాత ప్రయోగశాల. బ్రోచరులో మెరిసిన యంత్రం మీద దుప్పటి కప్పి ఉంటుంది, బాగుచేసే కంపెనీతో ఒప్పందం రెన్యువల్ కాలేదు. శాంపిళ్లు పట్టుకొని వేరే ఊరు వెళ్లి, డబ్బు కట్టి, వరుసలో నిలబడిన పిల్లవాణ్ణి పిలిచి మాట్లాడించండి. ఆర్నెల్ల ప్రయోగం ఎందుకు తేలలేదో తనకే తెలియక, పదిమంది ముందు సెమినారులో నిలబడ్డ రెండో ఏడు అమ్మాయిని చూపించండి. మే నెలలో బిలాస్‌పూర్ ఎండకు కాగిన హాస్టలు గదిలో ఓ మధ్యాహ్నం పడుకోబెట్టండి. అప్పటికీ లేచి, ఆ ప్రయోగం ఎక్కడ చెడిందో నేను చూస్తాను అనే పిల్ల ఒకతె ఉంటుంది. పరిశోధనకు పుట్టింది ఆమె. ఆమెను ఏరడానికి నల్లబిలాలు అక్కర్లేదు.

చివరి సెషను ఫెలోషిప్ మీద. నెట్‌లో జేఆర్ఎఫ్ దక్కినవారికి 2023 నుంచి నెలకు 37,000. అది లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవారికి ఏళ్ల తరబడి నెలకు 8,000. 2015 అక్టోబరులో యూజీసీ ఆ 8,000 కూడా ఆపేస్తామంటే పిల్లలు ఢిల్లీలో దాని ఆఫీసు ముందు బైఠాయించారు. ప్రైవేటువాళ్ల బ్రోచరులో ఉండేది 'ఆకర్షణీయమైన ఫెలోషిప్'. అంకె ఉండదు. మాట ఒకటి, చేతిలో పడేది ఒకటి కావడం పాత కథే. ఠాగూర్ 'ఫాంకి' అనే కవిత మా స్టేషన్లోనే జరుగుతుంది. రైలు మారడానికి ఆగిన జబ్బు భార్య, కూలీ భార్య రుక్మిణికి పాతిక రూపాయలు ఇమ్మని మొగుడికి చెబుతుంది. అతగాడు రుక్మిణిని చాటుకు తీసుకెళ్లి, బెదిరించి, చేతిలో రెండు రూపాయలు పెట్టి పంపేస్తాడు. పాతిక ఇచ్చాడనే నమ్మకంతో భార్య కన్నుమూస్తుంది. ఆ మొగుడికి ఆ తర్వాతైనా సిగ్గు కలిగింది, రుక్మిణి కోసం మళ్లీ వెతుక్కుంటూ వచ్చాడు. ఏ అడ్మిషన్ల విభాగమూ అలా వెనక్కి వచ్చినట్టు దాఖలా లేదు.

తలుపులు తెరవడమే తప్పని నేననను. సీఎస్ఐఆర్ 1942లో పుట్టిన సెప్టెంబరు 26 పేరుతో హైదరాబాదులో సీసీఎంబీ వంటి ప్రయోగశాలలు జనానికి తలుపులు తీస్తాయి. బడిపిల్లలు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, ఇంటికెళ్లి కబుర్లు చెప్పుకుంటారు. బయటికొచ్చే దారిలో అక్కడ ఎవరూ ఫీజు కౌంటరు పెట్టరు. తేడా అంతా ఆ కౌంటరులోనే ఉంది.

ఇంటి దగ్గర కూర్చొని రుచి చూసే మార్గం కూడా ఉంది, ఎవరూ చెప్పరు. శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. మీరు చేరబోయే విభాగానివి నాలుగు తెరిచి, సిద్ధాంతం సంగతి తర్వాత, ముందు కృతజ్ఞతల పేజీ చదవండి. గైడ్‌కు ఎన్ని విశేషణాలు తగిలించారు, అమ్మానాన్నల ఓపికకు ఎన్ని వాక్యాలు కేటాయించారు, పని మొదలైన ఏడాదికీ ముగిసిన ఏడాదికీ మధ్య ఎంత దూరం ఉంది? ఓపెన్ డే స్లైడుల్లో లేనిదంతా ఆ ఒక్క పేజీలో ఉంటుంది.

ఇంత చెప్పినా వచ్చే ఆదివారం మీరు వెళతారు. వెళ్లండి. పెన్ను తీసుకోండి, సమోసా తినండి. డెమో క్లాసు గంట కొట్టగానే మాత్రం జారుకొని, వెనక కాంటీన్లో మూడో ఏడు స్కాలరు ఎవరైనా ఉంటే పక్కన కూర్చొని టీ చెప్పండి. అతను చెప్పినంతసేపూ వినండి. టీ డబ్బులు మాత్రం మీరే ఇవ్వండి. అతనికి ఫెలోషిప్ ఇంకా పడలేదు.