ఈజ్ ఈక్వల్ టు బటన్ లేని కాలిక్యులేటర్

మా రోజుల్లో మంచి కాలిక్యులేటర్‌కి ఈజ్ ఈక్వల్ టు బటన్ ఉండేది కాదు. ఈ మాటంటే ఇప్పటి కుర్ర ఇంజినీర్లు "మరి జవాబెలా వస్తుంది సార్?" అంటారు. అడుగడుగునా కళ్లముందే ఉంటుంది నాయనా!

1972లో హ్యూలెట్-ప్యాకార్డ్ వాళ్లు 395 డాలర్లకు హెచ్‌పీ-35 తెచ్చారు. స్లైడ్ రూల్‌ని మూల పడేసింది అదే. పోలిష్ తార్కికుడు వుకాషెవిచ్ గుర్తుని అంకెల ముందు రాసి బ్రాకెట్లే లేకుండా చేశాడు. దాన్ని తిరగేసి, అంకెలు ముందు, గుర్తు తర్వాత పెట్టారు. అదే రివర్స్ పోలిష్, హెచ్‌పీ-35 నడిచేది ఆ పద్ధతిలోనే.

లోపల నాలుగు అరల దొంతర. అడుగున ఎక్స్, దానిపైన వై, జెడ్, టి. తెరమీద కనిపించేది ఎక్స్ ఒక్కటే.

రెండు చివర్లా ఊరికే ఆనించిన ఆరు మీటర్ల బీము, మీటరుకి 20 కిలోన్యూటన్ల బరువు అనుకోండి. మధ్యలో మూమెంట్ కావాలి: బరువుని పొడవు వర్గంతో గుణించి ఎనిమిదితో భాగించాలి. 20 కొట్టి ఎంటర్ (ఎక్స్‌లోని అంకె నకలుని పై అరలోకి ఎక్కించే బటన్), 6 కొట్టి మళ్లీ ఎంటర్. ఇప్పుడు ఎక్స్‌లో 6, వైలో 6, జెడ్‌లో 20. గుణకారం నొక్కగానే కింది రెండూ కలిసి 36 అవుతాయి, పైనున్న 20 వైలోకి దిగుతుంది. మళ్లీ గుణకారం, 720. 8 కొడితే 720 తనంతట తనే పైకి జరుగుతుంది. భాగహారం, 90. పొరపాటున 6 బదులు 60 కొట్టామా, 36 రావాల్సిన చోట 3600 కనబడుతుంది. అక్కడే చెయ్యి ఆగిపోతుంది.

ఇప్పుడో? బారెడు సూత్రాన్ని బ్రాకెట్లతో సహా కొట్టి, చివర్లో ఒక్క అంకె చూసి రాసేసుకుంటున్నారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ పట్టదు. 2 + 3 × 4 అని వరసగా కొట్టండి: కొట్లో ఉండే చవక కాలిక్యులేటర్ 20 అంటుంది, సైంటిఫిక్‌ది 14 అంటుంది. మా దానిలో ఆ గొడవే లేదు. ఏది ముందో మనమే తేల్చుకుని కొట్టాలి కదా. కాగితం మీద లెక్క చేసే మనిషి లోపలి బ్రాకెట్‌తోనే మొదలుపెడతాడు, ఇదీ అంతే.

ఇంకో సౌకర్యం టి అరది. దొంతర కిందికి దిగినప్పుడు టిలోని అంకె పోదు, దాని నకలు జెడ్‌లోకి దిగుతుంది. 1.05 కొట్టి మూడుసార్లు ఎంటర్ నొక్కితే నాలుగు అరలూ నిండుతాయి. ఆ తర్వాత 1000 కొట్టి గుణకారం నొక్కుతూ పోండి: 1050, 1102.50, 1157.63... అయిదు శాతం చక్రవడ్డీ ఏటికేడూ కనిపిస్తుంది. ఎంత చక్కని ఏర్పాటండీ అది!

1981 నాటి హెచ్‌పీ-12సి ఇప్పటికీ అమ్ముతున్నారు. అంత డబ్బెందుకంటే ఫోన్లోనే ఇలాంటి యాప్‌లున్నాయి. మా వాళ్లచేత ఒకటి దింపించాను కూడా. "ఎంటర్ బటన్ ఎందుకు సార్ ఇంత పెద్దది?" అని అడిగారు, జవాబు వినకుండానే మళ్లీ బ్రాకెట్లలో పడ్డారు.