చీటీ ఊడిన లేజరు

రతన్‌పూర్ మహామాయ గుడి దగ్గర నవరాత్రి జాతరలో మా కుర్రాడు నన్ను కొన్నప్పుడు నా ఒంటి మీద పసుపు చీటీ ఉండేది. 5 మిల్లీవాట్ల లోపేననీ, కళ్ళలోకి కొట్టొద్దనీ. రెండో రోజుకే ఊడిపోయింది. పోతే పోయింది, అందులో సగం అబద్ధమే.

నా పొట్టలోని డయోడు ఇచ్చేది 808 నానోమీటర్ల పరారుణ కాంతి. స్ఫటికాలు దాన్ని 532 నానోమీటర్ల పచ్చ వెలుగు చేస్తాయి. మారకుండా మిగిలినదాన్ని ఆపడానికి ఫిల్టరు గాజు ఉండాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని నాకు పెట్టలేదు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ ఇలాంటి చవక లేజరు ఒకదాన్ని కొలిస్తే, పచ్చ వెలుగు కొంచెమే, కనబడనిది 20 మిల్లీవాట్ల దాకా తేలింది. వెలుగు మిరుమిట్లు గొలిపితే కన్ను పావు సెకనులో రెప్ప వాలుస్తుంది. కనబడనిదానికి ఎందుకు వాలుస్తుంది?

మావాడి తాత శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే గేట్‌మన్‌గా రిటైరయ్యాడు. మా ఊరు బిలాస్‌పూర్ దగ్గరి కోటా, స్టేషను బోర్డు మీద మాత్రం కర్గీ రోడ్. సాయంత్రం వాడు బొగ్గు బండి మీదికి నన్ను కొడితే తాత చెవి మెలేశాడు: "డ్రైవరు కళ్ళల్లో పడితే సిగ్నలు కనబడదురా!"

ఆట ఇంట్లోకి మారింది. బీరువా అద్దంలో నా చుక్కను ఎవరు ఎక్కువసేపు చూస్తారోనని చెల్లెలితో పందెం. అద్దం నన్ను దాదాపు తగ్గించకుండానే తిప్పి పంపింది. వాడే గెలిచాడు. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

తెల్లారి, "మామ్మా, నీ మొహం మధ్యలో మసి మచ్చ" అన్నాడు. మామ్మ బొట్టు చెరుపుకుని మళ్ళీ పెట్టుకుంది.

"కొంత తగ్గొచ్చు, చచ్చిన కణాలు మాత్రం తిరిగి రావు" అన్నాడు బిలాస్‌పూర్ కంటి డాక్టరు. చిత్రమేమంటే, సుగరుతో మామ్మ కంట్లో కారుతున్న రక్తనాళాలను ఆయన కాల్చి ఆపింది 532 పచ్చ లేజరుతోనే. మా వంశమే! మా కోటాలో రామన్ పేరుతో విశ్వవిద్యాలయం కూడా ఉంది. విశాఖలో చదువుకున్న ఆ మనిషి 1928లో పాదరస దీపం పెట్టుకుని తంటాలు పడి చూసిన రామన్ ఎఫెక్టును ఇప్పుడు ప్రయోగశాలల్లో మావాళ్ళ వెలుగుతోనే చూస్తున్నారు. ఇవన్నీ మా ఇంట్లో ఎవరికి చెప్పను? అందరి నోటా "పాడు లైటు" నేనే. పందెం కాసినవాడి పేరు ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు ట్రంకు పెట్టెలో ఉన్నాను. బ్యాటరీలు తీయలేదు, చీము కారుతున్నాయి. పక్కనే తాత చేతి సిగ్నలు దీపం, ఏళ్ళ తరబడి బండ్లను సాగనంపిన పచ్చ గాజు దానిది. అది నాతో మాట్లాడదు.