జీపుకు చలి

లంబసింగిలో చలిని జనం డబ్బిచ్చి మరీ అనుభవిస్తారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. చెరువులవేనం కొండ మీద నుంచి మబ్బుల్ని చూడాలంటే సూర్యుడికన్నా ముందు మనం అక్కడుండాలి. కాబట్టి కాటేజీలు నడిపేవాళ్ళకి నాలుగున్నరకల్లా జీపు స్టార్టవ్వాలి. నేను దిగిన కాటేజీల ఆసామి జీపు సరిగ్గా ఆ వేళకే మొండికేసేది.

పాత డీజిల్ జీపు. మధ్యాహ్నం తాళం తిప్పీ తిప్పకముందే అందుకునేది. తెల్లవారుజామున మాత్రం ఎంతసేపు తిప్పినా మూలుగుతుందే తప్ప లేవదు. గుప్పుమని తెల్లపొగ కక్కుతుంది. చివరికెప్పుడో ఒళ్ళంతా కుదుపుతూ లేస్తుంది. ఈలోగా మంకీ క్యాపుల టూరిస్టులు ఫోనుల్లో టైము చూసుకుంటూ ఉంటారు.

ఇలాంటప్పుడు సలహాలకు కరువుండదు. డ్రైవరు బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేయించారు. పక్క కాటేజీవాడు సెల్ఫ్ మోటారన్నాడు. అదీ విప్పించి బాగుచేయించారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఓ కుర్రాడు ఫోను చూసి డీజిల్ గడ్డకట్టిందని తేల్చేశాడు. ఆసామి దేనికీ వెనకాడలేదు. జీపు విషయంలో ఆయన చెయ్యి పెద్దది.

ఆఖరికి నర్సీపట్నం నుంచి మేస్త్రిని పిలిపించారు. ఆయన ముందురోజు సాయంత్రమే తన వ్యాన్లో వచ్చి దిగాడు. రాగానే బానెట్ ఎత్తుతాడనుకుంటే, జీపుని తాకనైనా తాకలేదు.

“ఇప్పుడు స్టార్ట్ చేయకండి బాబుగారూ. రాత్రంతా చల్లారనివ్వండి. జ్వరం తగ్గాక నాడి పట్టుకుంటే ఏటి తెలుస్తుంది?” అన్నాడు.

గదిస్తామంటే ఒద్దని, గేటు దగ్గర వాచ్‌మన్ వేసుకున్న నెగడు ముందు కూర్చున్నాడు. అర్ధరాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నాలుగున్నరకి అందరం లేచి జీపు చుట్టూ చేరాం. వాచ్‌మన్ టార్చిలైటు పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి, చేతులు వణుకుతున్నాయి. చేతులతోపాటు వెలుతురూ వణుకుతోంది.

“సరిగ్గా పట్టుకోరా!” అని ఆసామి కసిరాడు.

మేస్త్రి డ్రైవరుని ఒక్కసారి తాళం తిప్పమని, తల వంచి విన్నాడు. “సెల్ఫ్ గట్టిగానే తిప్పుతోంది కదండీ. పాపం, మోటారెందుకు విప్పించారు?” అన్నాడు. మీటరు పెట్టి చూస్తే, తిప్పుతున్నప్పుడు కూడా బ్యాటరీ పది వోల్టుల కిందికి దిగలేదు. తర్వాత వెనక్కెళ్ళి సైలెన్సరు దగ్గర పొగ వాసన చూశాడు.

“పొగే రాకపోతే డీజిల్ అందట్లేదనుకోవాలి. తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వచ్చిందంటే, అందుతోంది గానీ మండట్లేదన్నమాట.”

ఫిల్టరు మీది చేతిపంపు నొక్కి చూశాడు. గాలి బుడగలు లేవు. హైదరాబాదు కుర్రాడి గడ్డకట్టిన డీజిల్ నీళ్ళలా జారింది.

డీజిల్ ఇంజన్లో పెట్రోలు బండికిలా నిప్పురవ్వ ఉండదు. సిలిండర్లో గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అదిమితే అది మండిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఇంజన్ మంచుముద్దలా ఉన్నప్పుడు ఆ వేడినంతా చుట్టూ ఉన్న ఇనుమే తాగేస్తుంది. అందుకే ఇలాంటి ఇంజన్లలో సిలిండరుకొక హీటర్ ప్లగ్గు పెడతారు. తాళం సగం తిప్పి కాసేపు ఆగితే దాని మొన నిప్పుకణికలా ఎర్రబడుతుంది. మధ్యాహ్నం ఇంజన్ వెచ్చగా ఉంటుంది గనక ప్లగ్గులు పని చేసినా చేయకపోయినా తెలియదు.

“హీటరు లైటు రోజూ వెలిగి ఆరుతూనే ఉందయ్యా,” అన్నాడు ఆసామి.

“అది టైము ప్రకారం వెలిగి ఆరే లైటండి. లోపల ప్లగ్గు కాలిందో లేదో దానికేటి తెలుసు?”

నాలుగు ప్లగ్గుల్నీ కలిపే రేకు పట్టీ విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి తెచ్చిన తీగకి చిన్న బల్బు కట్టి, ఒక్కో ప్లగ్గు తలకీ ఆనించాడు. రెండిటికి బల్బు వెలిగింది. రెండిటికి వెలగలేదు. లోపల తీగ తెగిపోయిందన్నమాట. నాలుగూ మార్చేసి తాళం సగం తిప్పించి, కాసేపాగి “ఇప్పుడు కొట్టు” అన్నాడు. జీపు ఒక్క తిప్పుకే లేచింది.

డబ్బు తీసుకుంటూ మేస్త్రి ఇంకో మాటన్నాడు. “రాత్రిళ్ళు బానెట్ మీద కంబళి కప్పించండి బాబుగారూ. పల్చనిది పనికిరాదు, అసలైన ఉన్నిదే ఉండాలి. రెండైతే మరీ మంచిది.”

ఆసామి ధరెంతని కూడా అడగలేదు. ఆ పూటే డ్రైవరుని చింతపల్లి పంపించాడు.

నేను మేస్త్రి వ్యాన్లోనే కిందికి దిగాను. ఘాట్ రోడ్డులో నా అనుమానం బయటపెట్టాను. “కంబళి కప్పితే నిజంగా లాభముంటుందా?”

ఆయన నవ్వాడు. “కంబళి వేడి పుట్టించదు కదండీ, ఉన్న వేడిని పట్టి ఉంచుద్దంతే. సాయంత్రం ఆపిన బండిలో తెల్లారేసరికి ఇంకేటి మిగులుద్ది? కొత్త ప్లగ్గులున్నాక ఆ జీపుకి కంబళితో పనే లేదు.”

“మరి?”

“పోయినేడు ఆ తాత ఒక కంబళి ఇప్పించమని అడిగాడంట. జీతమిస్తున్నాం కదా, కొనుక్కో అన్నారంట. ఆ జీతానికి ఉన్ని కంబళి వస్తదా అండీ? మనిషికంటే కొనరు, జీపుకంటే కొంటారు. అయ్యగారు పడుకున్నాక తీసి కప్పుకో, నాలుగింటికల్లా మళ్ళీ జీపు మీద పరిచేయమని తాతకి చెప్పొచ్చాను.”

విశాఖపట్నం వచ్చాక ఈ కథ నేను చాలామందికి చెప్పాను. మేస్త్రి తెలివికి మురిసిపోనివాళ్ళు లేరు.

మళ్ళీ డిసెంబరులో అదే కాటేజీలకి వెళ్ళాను. జీపు ఒక్క తిప్పుకే లేస్తోంది. హీటర్ ప్లగ్గుల సంగతి ఆసామికి గుర్తే లేదు.

“అంతా కంబళి మహిమండీ. అసలు రోగం చలే,” అంటూ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. జీపుకోసం కొత్త షెడ్డు కట్టించాడు. నాలుగు వైపులా గోడలు, సిమెంటు గచ్చు, ఇనుప షట్టరు. చుక్క మంచు కూడా లోపలికి దిగదు. “అంత ఖరీదైన కంబళ్ళు రాత్రిపూట ఆరుబయట ఉంచితే ఉంటాయా? అందుకే పొద్దుగూకగానే జీపుకి కప్పేసి, నేనే తాళం వేస్తున్నా. మేస్త్రి కనబడితే చెప్పండి, ఆయన సలహా అక్షరాలా పాటిస్తున్నానని.”

తాళంచెవి ఆయన జేబులో ఉంది. కంబళ్ళు రెండూ లోపలున్నాయి. తాత షెడ్డు బయట కాపలా ఉన్నాడు.