నడినెత్తి మీద నెట్టు

జావా అయింది, పైథాన్ అయింది, ఇక అమీర్‌పేటలో నేర్పనిదేమైనా ఉందా అంటే మేలిముసుగు ఒక్కటే. ఆ లోటూ తీరింది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ ఫ్లెక్సీల నడుమ, హాస్టల్ బోర్డుల కింద, మగ్గం వర్క్ బొటిక్‌ల అద్దాల మీద ఇప్పుడు ఒకటే మాట: బ్రైడల్ వెయిల్ కన్సల్టేషన్, అపాయింట్‌మెంట్ తప్పనిసరి. గుండె డాక్టరును చూడాలంటే పంజాగుట్ట నిమ్స్‌కు పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. వలగుడ్డ డాక్టరమ్మ ఆదివారం కూడా దొరుకుతుంది.

ఆ రీళ్లు మీరూ చూసే ఉంటారు కనుక శాస్త్రమంతా ఏకరువు పెట్టను. మోచేతి దగ్గర ఆగితే ఒక పేరు, వేలికొసల దగ్గర ఆగితే ఒక పేరు. గౌనుకు పనితనం ఎక్కువుంటే వెయిల్ సాదాది, గౌను సాదాదైతే వెయిల్‌కు లేసు. కూర కారమైతే పప్పు చప్పగా వండమన్నట్టు ఇంతవరకు పేచీ లేదు. అసలు ఘనమంతా నేల మీద ఈడ్చుకుంటూ పోయే రకానిది. దాన్ని కెథెడ్రల్ అంటారు. మెదక్ చర్చి చూశారు కదా, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. అలాంటి చోట పెళ్లికూతురు గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడుస్తుంటే వెనకాల తొమ్మిదడుగుల వల సాగిందంటే అందముంది. అమీర్‌పేట ఫంక్షన్ హాల్లో రెండు సింహాసనాలు, పొగ మిషన్లు, ఫొటోగ్రాఫరూ వాళ్ల తమ్ముళ్లూ పోను స్టేజీ మీద మిగిలేది చాపంత జాగా. అందులో తొమ్మిదడుగులు పరవడమెలా? పరవరు. మేనత్తలు తొక్కుతారు.

క్రైస్తవుల పెళ్లిళ్లతో నాకు గొడవ లేదు. తెల్లచీర, తల మీద సాదా వల, చేతిలో పూలగుత్తి. మన తెలుగమ్మాయిలు తరాలుగా చర్చీల్లో అలాగే పెళ్లాడుతున్నారు. ఆ వలకు పిన్నులు పెట్టింది పిన్నమ్మలే, కన్సల్టెంట్లు కాదు. నా గొడవల్లా రిసెప్షన్‌కని గౌను కుట్టించి, దానికో వెయిల్ చేయించి, ఆ ఊపులోనే ఇంకోటి పురమాయించి ముహూర్తానికి కంచిపట్టు మీద కప్పుతున్నవాళ్లతో.

ముహూర్తం దగ్గర కాస్త ఆగుదాం. మన పెళ్లిలో చాటు లేదని ఎవరన్నారు? అడ్డుతెర ఉంది. అటొకరు ఇటొకరు పట్టుకుంటారు. లగ్నం రాగానే ఆ తెర పైనుంచి చేతులు చాపి ఒకరి నడినెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టి అదిమి పడతారు. తెర తీస్తారు. ఒకరినొకరు చూసుకుంటారు. పెళ్లంతా ఆ క్షణం కోసమే. ఇప్పుడు తెర తీస్తే ఏముంది? ఇంకో తెర.

పైగా ఆ జిగురు ముద్ద వెళ్లి పడేది పిల్ల మాడు మీద కాదు, నెట్టు మీద. ఈమధ్య ఒక పెళ్లిలో స్టైలిస్టమ్మ పరుగున మండపమెక్కి పంతులుగారి చేయి పట్టుకున్నంత పని చేసింది. "గురువుగారూ, బెల్లం మరక పోదండీ, ఇది రెంటల్ పీస్." ఆయన పంచాంగం కింద పెట్టి, "అమ్మా, లగ్నం దాటిపోతోంది. తర్వాత ఆ గుడ్డ నాకివ్వు, నేనే ఉతికిస్తా" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి పాలిథిన్ కవరు ముక్కొకటి వల మీద పరిచి, దాని మీద పెట్టించారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం, "పిలగానికి లగ్గం పిల్లతోనా, గుడ్డతోనా?" అని గట్టిగానే అడిగింది.

ఆ తర్వాత మూడుముళ్లు. ఆడపడుచు జడ ఎత్తి పట్టుకోవాలి. ఇప్పుడామె జడ ఎత్తాలి, జడ మీది వల ఎత్తాలి, వల అంచు ముత్యాలు కాసులపేరులో చిక్కుకుంటే విడదీయాలి. దేవుడు ఆమెకిచ్చింది రెండే చేతులు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగే ఉన్నాడు, గట్టిమేళం మొదలైంది, ఆగడానికి లేదు, సన్నాయి ఊదేవాళ్ల బుగ్గలు పగిలిపోతున్నాయి.

తలంబ్రాల సంగతి సరేసరి. పసుపూ నెయ్యీ కలిపిన బియ్యం వల కన్నాల్లో ఇరుక్కుంటే దులిపినా రాలదు. నాలుగు దోసిళ్లు పడేసరికి వల బరువెక్కి పిల్ల తలను వెనక్కి గుంజుతుంది, ఫొటోలన్నిటిలో గడ్డం పైకే. అరుంధతి నక్షత్రం చూపించేటప్పుడు మాత్రం ఆ భంగిమ అక్కరకొస్తుంది. ఇక పూలజడ. నడుము దాటే దాకా మల్లెలూ కనకాంబరాలూ కుట్టించి, దాని మీద వల దించుతారు. జడ వేసినావిడ డబ్బు తీసుకుంది, దాన్ని దాచినావిడా తీసుకుంది.

దీపికా పదుకోన్ 2018లో దుపట్టా అంచున 'సదా సౌభాగ్యవతీ భవ' అని వేయించుకుంది లగాయతు మన మగ్గాల మీదా సంస్కృతం పారుతోంది, ఒత్తులు తప్పి. అదే ఏడాది ప్రియాంకా చోప్రా వెయిల్ 75 అడుగులు. అంటే 25 గజాలు, నాలుగు ఆరుగజాల చీరలు కలిపి కుట్టినా ఇంకో గజం కావాలి. పరవడానికి జోధ్‌పూర్‌లో ఉమైద్ భవన్ ఉంది కనుక సరిపోయింది. ఆ ఏడే మేఘన్ మార్కెల్ ముసుగు మీద 53 కామన్వెల్త్ దేశాల పూలు కుట్టారు, మన తామరతో సహా. పంజాగుట్టలో నేను చూసిన వెయిల్ మీద కుట్టింది హ్యాష్‌ట్యాగ్.

ఇదంతా సరదాగానే ఉంటుంది, ఆ అద్దాల గదిలోకి మన పిల్లతో అడుగు పెట్టనంతవరకు. మా మేనకోడలి కోసం వెళ్లాను. కన్సల్టెంటమ్మ దాన్ని నిలబెట్టింది, తిప్పింది, వెనక్కి నడవమంది. తర్వాత మొదలుపెట్టింది. ముఖం గుండ్రం కనుక నడినెత్తిన ఎత్తు రావాలట. మెడ పొట్టి కనుక భుజాల మీద పొరలు వద్దట. పొడవు తక్కువ కనుక నేలదాకా పనికిరాదట. "స్కిన్ టోన్ డస్కీ కదా ఆంటీ, ప్యూర్ వైట్ సెట్ కాదు, ఐవరీకి వెళ్దాం." ఎం.టెక్ చదివి, పదిమందితో పని చేయిస్తున్న పిల్ల. 26 ఏళ్లుగా ఆ మెడ మీదే తల నిటారుగా నిలబెట్టుకు తిరిగింది. అక్కడ అద్దంలో చూసుకుంటూ మెడ తడుముకుంది. నా ఒళ్లు మండిపోయింది.

ఏమిటిది? పెళ్లిచూపులు. పిల్లను నడిపించి, పాడించి, జడ సొంతదో సవరమో తడిమి చూసిన ఆ పాత తంతే. అది అవమానమని తిట్టుకుంటూ రెండు తరాలు గడిపాం. ఇప్పుడు సంబంధం ఖాయమై, శుభలేఖలు పంచేశాక, మళ్లీ అదే చూపు, ఎదురు ఫీజు కట్టి మరీ! మా అక్కను చూడ్డానికొచ్చిన ఒక పెద్దమనిషి పిల్ల నలుపన్నాడని మా నాన్న అతన్ని గుమ్మం దాకా కూడా సాగనంపలేదు. అదే మాట ఈవిడ ఇంగ్లీషులో అంటే మా వదిన తలూపి కార్డు తీసింది. మెడ బాగుందంటే గుడ్డ అమ్ముడుపోదు. పిల్ల ఒంట్లో ముందు నాలుగు లోపాలు పుట్టించాలి, ఆనక గజాల లెక్కన కప్పాలి. దానికి శాస్త్రమని పేరొకటి, సిగ్గు లేకుండా!

పెళ్లికొడుకు మంచివాడే. కాకపోతే నడినెత్తిన రూపాయి బిళ్లంత మాడు కనిపిస్తోంది. జీలకర్ర బెల్లం పెట్టేది సరిగ్గా అక్కడే, డ్రోన్ కెమెరా పైనుంచి తీసేదీ అక్కడే. పంజాగుట్టలో హెయిర్ క్లినిక్‌లకు కొదవా? ఆ పిల్లాణ్ణి తిప్పి, వంచి, లైటు వేసి చూసినవాళ్లు మాత్రం లేరు. వాళ్లమ్మ దగ్గర మెల్లగా ఎత్తాను. "మగపిల్లాడికేముంది వదినగారూ, తలపాగా పెట్టేస్తాం" అంది.